అల్లుడు పడుకున్న వైపు

కళావతి సిస్టర్ నోటికి పెద్దదవాఖానలో డాక్టర్లు కూడా జంకేవారు. హనుమకొండ చౌరస్తాలో కిరాణా దుకాణం వాళ్ల ఆడపిల్ల. ఏమీ కొననని వచ్చినవాడి సంచిలో కూడా ఇంత చింతపండు వేసి పంపగల తండ్రి దగ్గర మాట నేర్చింది. ఆ తండ్రి పోయి దుకాణం అన్నల చేతికి వెళ్లాక, నర్సు ట్రైనింగుకు పోతానని పట్టుబట్టింది. "షావుకారి బిడ్డ మంది మురికి ఎత్తుతదట" అని బజారంతా చెవులు కొరుక్కుంటే, "రేపు మీరు మంచాన పడ్డనాడు నన్నే పిలుస్తరు గద, అప్పుడు సూస్త" అని నవ్వి చక్కా పోయింది. అన్నట్టుగానే ఆ బజారు వాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఆమె ఎవరికీ ఆ మాట గుర్తుచేయలేదు. ఆ మాత్రం మర్యాద ఆమెకు ఉంది.

డెబ్బైల చివర ఆమెను ఆడవాళ్ల వార్డుకు మార్చారు. ఆ వార్డు చివర, కిటికీల వైపున్న వరస మంచాలు క్యాన్సర్ వాళ్లవి. పల్లెల్లో దాన్ని రాచపుండు అనేవారు. చాలామంది ఆ పేరు కూడా ఎత్తకుండా "ఆ బీమారి" అని ఊరుకునేవారు. హైదరాబాదు పోయి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకుని వచ్చినవాళ్లు, రొమ్ము తీయించుకున్నవాళ్లు, రక్తం ఎక్కించుకోవడానికి వచ్చినవాళ్లు. అందరికీ ఒకటే నీరసం, లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మడం. బాత్రూము దారిలో సిమెంటు నేల నున్నగా అరిగిపోయి, దాని మీద ఎప్పుడూ నీళ్లు. ఇక పడకుండా ఎలా ఉంటారు?

కళావతి వాళ్లకు చెప్పడం మొదలుపెట్టింది దయతో అనుకుంటే పొరపాటే. కోపంతో మొదలుపెట్టింది. ఒకరోజు ఒక ముసలామె బాత్రూము గుమ్మంలో జారి పడితే, రౌండ్సుకు వచ్చిన డాక్టర్ రాజేశ్వర్ రావు అందరి ముందూ కళావతిని నానా మాటలూ అన్నాడు. మాట పడటం ఆమెకు అలవాటు లేదు. మర్నాడు పొద్దున వార్డు నడుమ నిలబడి, నడుముకు చేతులు పెట్టుకుని, గొంతెత్తింది.

"ఇనుండ్రి. లేవంగనే గొడ్ల కాడికి ఉరికే అలవాటు మీది. ఈడ గొడ్లు లేవు. కండ్లు తెరిశినంక జర అట్లనే పండుకోండ్రి. ఎనుక మెల్లగ లేశి కూసోండ్రి. కాళ్లు కిందికి ఏలాడేసి మీ ఊరి దేవతల నందర్ని తలుసుకోండ్రి. పోశమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ, ఒక్కల్ని గూడ ఇడువద్దు. అందరు అయినంకనే నిలవడాలె. ఒక్కపారే లేస్తే కండ్లు తిరిగి దబ్బున పడ్తరు. చీరె అంచు ఎత్తి నడుముల చెక్కుకోండ్రి. తడి సూసి అడుగెయ్యుండ్రి. అన్నిటికన్న మొదలు, మనిషిని పిలువుండ్రి. సిగ్గు, శరం గేటు బయట ఇడిసి రావాలె."

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కానీ విన్నారు. దేవతల పేర్లు తలుచుకుంటూ మంచం అంచున కూర్చునే అలవాటు వార్డంతా పాకింది. ఎవరైనా తొందరపడితే పక్క మంచం ఆమె "మైసమ్మను మరిశినవ్, కూసో" అని గదమాయించేది.

ఒక్కటి మాత్రం వాళ్లకు రాలేదు. పిలవడం. పుట్టినప్పటి నుంచి ఇంకొకరికి అందివ్వడమే గానీ, ఇంకొకరిని అడగడం ఎరగని మనుషులు. ఎముకలు పుచ్చినా సరే, మంచినీళ్ల చెంబు కోసం తామే వంగేవాళ్లు. దానికి కళావతి ఒక ఉపాయం కనిపెట్టింది. తోడు వచ్చిన మనిషిని మంచానికి దారివైపు, కింద, అడ్డంగా పడుకోబెట్టేది. పడుకున్న మనిషిని దాటకూడదని మన ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. కాబట్టి రోగి లేవాలంటే కింద ఉన్న కొడుకునో కూతురినో లేపక తప్పదు. లేపితే తోడు వస్తారు. ఈ ఏర్పాటు పెట్టాక పడేవాళ్లు బాగా తగ్గిపోయారు. రాజేశ్వర్ రావు కూడా ఒకసారి "బాగుందమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమె ఇల్లు చేరేదాకా నేల మీద నడవలేదు.

సమ్మమ్మ వచ్చింది ఎనభైలు మొదలైన కాలంలో. పరకాల దగ్గర పల్లె. ఏడాది కింద ఒక రొమ్ము తీశారు. ఇప్పుడు జబ్బు తొడ ఎముకలోకి దిగింది. మొగుడు లేడు, కొడుకులు లేరు. సారలమ్మ అని ఒక్కతే బిడ్డ, ఆమెకు నెలలు నిండుతున్నాయి.

"ఆ ఎముక చెదలు పట్టిన దూలంలా ఉంది," అన్నాడు రాజేశ్వర్ రావు, వరండాలోకి పిలిచి. "ఈ మందులు పూర్తయ్యేదాకా పడకుండా చూడగలిగితే నడిపించి ఇంటికి పంపుదాం. కొన్నాళ్లు తన కాళ్ల మీద తిరుగుతుంది. విరిగిందా, ఇక లేవదు."

కళావతి ఆ మాటను మెత్తగా చుట్టి చెబుదామని మంచం దగ్గరికి వెళ్లేసరికి, సమ్మమ్మే ముందు అడిగింది.

"సిస్టరమ్మా, నా బిడ్డకు తొలి కాన్పు. ఎనుక ముందు ఎవ్వరు లేరు. పుట్టినంక ఆ పసిదానికి నీళ్లు పోశేటందుకు నా కాళ్లు పనికొస్తయా?"

పసిపిల్లలకు నీళ్లు పోయడంలో ఆ ఊళ్లో సమ్మమ్మది పెద్ద చేయి. పీట మీద కూర్చుని, కాళ్లు బారజాపి, బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనె పట్టించి వేడినీళ్లు పోస్తే ఎంత పేచీకోరు పిల్లైనా నిద్రపోవాల్సిందేనట. ముక్కు ఒత్తి, తల గుండ్రంగా నిమిరి, ఊళ్లో సగం మందికి రూపం దిద్దింది తనేనని చెప్పుకునేది. తన మనవడికో మనవరాలికో ఇంకొకరు నీళ్లు పోస్తారన్న మాట ఆమె ఊహకే అందదు.

"పనికొస్తయి అక్కా," అన్నది కళావతి. "పడకపోతే చాలు. నీ కాళ్ల జిమ్మేదారి నాది."

అంత మాట రోగికి ఇవ్వకూడదని ట్రైనింగులో నేర్పారు. నోరు ఆగలేదు.

సమ్మమ్మకు తోడు వచ్చింది అల్లుడు రాయమల్లు. మార్కెట్‌లో హమాలీ. రాత్రంతా లారీల దగ్గర బస్తాలు మోసి, పొద్దున దవాఖానకు వచ్చేవాడు. వచ్చి లోపలికి రాకుండా వరండాలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అత్త ఉన్నచోట అల్లుడు కూర్చోకూడదు. అల్లుడు కనబడితే అత్త నెత్తి మీదికి కొంగు లాక్కోవాలి. ఎదురుపడి మాట్లాడకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. ఆమెకు ఏదన్నా కావాలంటే పక్క మంచం ఆమెతోనో ఆయా పూలమ్మతోనో చెప్పించేది.

ఇది చూసి కళావతికి ఒళ్లు మండింది. "వరండల కూసుని ఏం జేస్తవయ్యా? ఆమె పడ్డంక చప్పుడు ఇంటవా?" అని రాయమల్లును చెయ్యి పట్టి లాక్కొచ్చి, సమ్మమ్మ మంచానికి దారివైపు దుప్పటి పరిపించింది. "ఈడ పండుకో. మీ అత్త లేస్తే నువ్వు లేవాలె."

సమ్మమ్మ కంగారుపడింది. కొంగు ముక్కు దాకా లాక్కుని, "వద్దు సిస్టరమ్మా, పూలమ్మను జర సూడుమనుండ్రి, నేను పిలుస్త" అన్నది.

"పూలమ్మకు వార్డంత ఉన్నది. ఏం, అల్లుడు కొరుకుతడా?"

వరస వరసంతా ఘొల్లున నవ్వారు. సమ్మమ్మ కూడా కొంగులోంచి నవ్వింది. నవ్వి తల దించుకుంది. కళావతి ఆ నవ్వునే చూసింది. అది ఒప్పుకోవడం అనుకుని మందుల ట్రే తీసుకుని పక్క మంచానికి వెళ్లిపోయింది. కళావతి తల్లి కూడా జీవితమంతా అల్లుడి ముందు తలుపు చాటు నుంచే మాట్లాడిన మనిషి. తెలియక కాదు. మంచి ఉపాయం దొరికినవాళ్లకు అది అందరికీ సరిపోతుందనే అనిపిస్తుంది, ఏం చేస్తాం.

కొన్నాళ్లు బాగానే గడిచింది. రాత్రిపూట డ్యూటీ ఆయా, పొద్దుటిపూట పూలమ్మ చెయ్యి పట్టి తీసుకెళ్లేవారు. రాయమల్లు నిద్ర ఆపుకుని ఎలాగో కూర్చునేవాడు. సమ్మమ్మ నొప్పి తగ్గింది. వరసలో అందరికంటే శ్రద్ధగా దేవతలను తలుచుకునేది ఆమే. "ఇంక ఒక్క వారం" అన్నాడు డాక్టర్. కాలు జాపి, ముడిచి, మళ్లీ జాపి ఆమె తనలో తనే మురిసిపోయేది.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాలు అయ్యాయి. కళావతి మందులు తేవడానికి స్టోరుకు వెళ్లింది. పూలమ్మ ఆ చివర ఎవరికో పక్కబట్టలు మారుస్తోంది. రాయమల్లు ముందు రాత్రి పత్తి బోరాలు మోసి వచ్చాడేమో, దుప్పటి మీద వాలిన వాడు వాలినట్టే ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు.

స్టోరు నుంచి తిరిగొస్తుంటే కేక వినబడింది. కళావతి పరుగెత్తింది. రాయమల్లు మోకాళ్ల మీద లేచి, ఎక్కడున్నాడో తెలియనట్టు చూస్తున్నాడు. మంచం ఖాళీగా ఉంది. సమ్మమ్మ అవతలి వైపు, మంచానికీ గోడకీ మధ్య ఇరుకు సందులో పడి ఉంది. ఆ సందులో మలం గిన్నె, నీళ్ల కూజా, పక్కవాళ్ల సంచులు. పిల్లి కూడా తిన్నగా నడవలేని జాగా. ఎడమ కాలు చూడకూడని వాటంలో తిరిగి ఉంది.

"తల తిరిగింది సిస్టరమ్మా," అన్నది సమ్మమ్మ పళ్లు బిగబట్టి. "నాదే తప్పు. ఇంకెవ్వరిది లేదు."

అబద్ధమని కళావతికి ఆ క్షణమే తెలిసింది. తల తిరిగినవాళ్లు దారివైపు పడతారు గానీ, గోడ వైపు సందులోకి ఎందుకు దూరుతారు? ఆమె లేవాల్సి వచ్చింది. ఇటు కింద అల్లుడు. పెళ్లినాడు కాళ్లు కడిగి బిడ్డనిచ్చిన మనిషి. అతన్ని కాలితో దాటలేదు, చేత్తో తట్టి లేపలేదు, పేరు పెట్టి పిలవలేదు. అందుకని అటు దిగింది. దేవతలందరినీ తలుచుకుని, చీర అంచు ఎత్తి దోపుకుని, చెప్పింది చెప్పినట్టు అన్నీ చేసి మరీ దిగింది. దోపిన అంచు ఇంకా నడుము దగ్గర అలాగే ఉంది.

ఎముక విరిగింది. కాలికి బరువులు కట్టి వెల్లకిలా పడుకోబెట్టారు. ఆ మంచమే ఇక ఆమె ఇల్లు అని అందరికీ అర్థమైంది. ఎవరూ ఆమెతో అనలేదు. ఆమె కూడా అడగలేదు.

కాన్పు పరకాలలో జరిగింది. ఆడపిల్ల. వీధిలో ఎవరో పిన్నివరస ఆమె నీళ్లు పోస్తోందని తెలిసింది. సమ్మమ్మ ఆ వార్త విని చాలాసేపు కిటికీ వైపు చూసి, పూలమ్మతో చెప్పించింది: "ఆ నీళ్లు పోశేటామె ముక్కు ఒత్తుతాందా లేదా, అల్లున్ని జర అడుగు." రాయమల్లుకు ఏం తెలుస్తుంది? "ఒత్తుతాందట" అన్నాడు. పురుడు వెళ్లాక బిడ్డను తెచ్చి చూపించారు. పక్కన పడుకోబెడితే సమ్మమ్మ చూపుడువేలితో ఆ ముక్కును పై నుంచి కిందికి నిమిరింది. "మంచిగనే ఒత్తింది" అని ఒప్పుకుంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో చూసినవాళ్లకు తెలుసు.

కళావతి అప్పుడు దూరంగా, మందుల బీరువా దగ్గర ఉంది. ఆ రోజుల్లో ఆమె ఎక్కువగా అక్కడే ఉండేది. సమ్మమ్మకు ఇంజెక్షన్ ఇచ్చేది, పక్క మార్చేది, నొప్పి ఎట్లుందని అడిగేది. అంతకు మించి ఒక్క మాట లేదు. అక్కడ పడుకోబెట్టింది నేనే అక్కా, నన్ను క్షమించు అని చెప్పాలని రోజూ అనుకునేది. మంచం దగ్గరికి వెళ్లి దుప్పటి సర్ది వచ్చేసేది. ఇంటి దగ్గర మొగుడు శ్రీనివాస్ ముందు ఒకసారి చెప్పుకుని ఏడ్చింది. ఆయన రఘునాథపల్లి బళ్లో పంతులు, మంచివాడు. "నువ్వు కావాలని చేసినవా?" అన్నాడు. కావాలని చేయని తప్పు తేలికగా ఉంటుందని ఆయనకు ఎవరు చెప్పారో.

వార్డు నడుమ నిలబడి చెప్పడం కూడా మానేసింది. ఏ మొహం పెట్టుకుని చెప్పను అనుకుంది. కొత్తగా వచ్చినవాళ్లకు పోశమ్మా తెలియదు, మైసమ్మా తెలియదు. పాతవాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు, కొందరు కాటికే పోయారు. చూస్తుండగా కట్టమ్మ అనే ఆమె బాత్రూము దారిలో జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. కళావతి ఆమెకు పట్టీ కట్టింది గానీ నోరు విప్పలేదు.

సమ్మమ్మ చలికాలంలో పోయింది. ఆ రోజు కళావతి సెలవులో ఉంది. మర్నాడు వచ్చేసరికి మంచం మీద కొత్త దుప్పటి వేసి ఉంది.

ఎండలు ముదిరాక ఒక రోజు రాయమల్లు, సారలమ్మ పిల్లకు జ్వరమని పెద్దదవాఖానకు వచ్చి, వెళ్లేముందు వార్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. కళావతి వాళ్లను డ్యూటీ గదిలో కూర్చోబెట్టింది. రాయమల్లు చిక్కిపోయి ఉన్నాడు. అతను ఆనాటి నిద్రను జీవితమంతా మోస్తాడేమోనని ఆమెకు గుండె తరుక్కుపోయింది. ఇన్నాళ్లూ రాని మాట అప్పుడు వచ్చింది.

"తమ్మీ, నువ్వు నిద్రపోయినందుకు మీ అత్త పడలేదు. నిన్ను దాటలేక, లేపలేక అటుదిక్కు దిగింది. నిన్ను అక్కడ పండుకోమన్నది నేను. ఆమె వద్దన్నది, నేను ఇనలే. నలుగుర్ల నవ్వులపాలు జేసిన. తప్పు నాది. నువ్వు మనసుల పెట్టుకోకు."

రాయమల్లు తల వంచుకున్నాడు. సారలమ్మ చంకలో పిల్లను సర్దుకుంటూ మొగుడి వైపు చూసింది.

"నాకు ఎరుకే సిస్టర్," అన్నాడు. "అత్త చెప్పింది."

"ఎప్పుడు?"

"పిల్లను తెచ్చిననాడు. నేను వరండల ఏడుస్తాన. పూలమ్మతోటి కబురు జేసి లోపలికి పిలిపించింది. నెత్తిన కొంగు గూడ ఏసుకోలే. నా మొకం సూసి, 'రాయమల్లూ' అని పేరు పెట్టి పిలిశింది. అంతకు ముందు ఎన్నడు పిలువలే. 'నువ్వు నిద్రవోతె నేను పడలే బిడ్డా, నిన్ను కాలుతోటి దాటబుద్ధిగాక పడ్డ. నువ్వు ఫికర్ వెట్టుకోకు' అన్నది."

కళావతి కుర్చీ చేతిని పట్టుకుంది.

"ఇంకోటి అన్నది. 'ఈ సంగతి సిస్టరమ్మకు చెప్పకు. ఆమెకు ఎరుకైనట్టే ఉన్నది, నా దిక్కు సూస్తలేదు పాపం. మనం గూడ చెప్తె ఆమె మందికి చెప్పుడే బందు వెడ్తది. గప్పుడు నా లెక్క ఎంతమంది పడ్తరో' అన్నది. గందుకే నేను చెప్పలే. అత్త పోయిన పొద్దు గూడ మిమ్ములనే అడిగింది, సిస్టరమ్మ వచ్చిందా అని. సెలవుల ఉన్నరని చెప్పిన."

వాళ్లు ఇంకా అక్కడ ఉండగానే కళావతి ఏడ్చింది. నోటికి అడ్డం ఏమీ పెట్టుకోకుండా, పల్లెటూరి ఆడమనిషిలా బయటికే ఏడ్చింది. క్షమించమని అడగడానికి అన్ని రోజులు మంచం పక్కనే ఉండీ అడగలేదు. అడిగి ఉంటే ఆ మనిషి ఏమనేదో ఇప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? సారలమ్మ లేచి వచ్చి, ఏం చేయాలో తోచక, పిల్లను ఆమె ఒళ్లో పెట్టింది. జ్వరం తగ్గి పిల్ల నుదురు చల్లగా ఉంది.

వాళ్లను గేటు దాకా సాగనంపి తిరిగొచ్చేసరికి, కిటికీల వరసలో కొత్తగా ఒక ముసలామెను చేర్చుకున్నారు. మంచం పక్కన సంచి పట్టుకుని ఒక మగమనిషి బిక్కమొహం వేసుకుని నిలబడి ఉన్నాడు. కళావతి కళ్లు తుడుచుకుని అతని దగ్గరికి వెళ్లింది.

"నువ్వు ఈమెకు ఏమైతవయ్యా?"

"అల్లున్ని సిస్టర్."

"అయితే నువ్వు వరండల కూసో బిడ్డా. పిలిస్తె వద్దువు." తర్వాత స్టూలు లాక్కుని మంచానికి దారివైపు తనే కూర్చుంది. "అవ్వా, కండ్లు తెరిశినంక ఒక్కపారే లేవద్దు. ఇను, చెప్తాన," అని మొదలుపెట్టింది. సగంలో ఆగింది. ముసలామె ఆశ్చర్యంగా చూస్తోంది. కళావతి మంచినీళ్లు తాగి, మళ్లీ మొదటి నుంచి చెప్పింది.